మాట్లాడాను, మాట్లాడిన: మన బడిలో వినిపించే తెలుగులు



ప్రతి ఏడాదీ ఈ సంచికలో మేము అక్షరమాల గురించో, పండుగల గురించో రాస్తుంటాం. ఈసారి ఒక తప్పు గురించి రాయాలనుకున్నాం. తప్పు పిల్లలది కాదు, పాఠం చెప్పే మాది.

ఒక శనివారం తరగతిలో "ఈ వారం ఏం చేశారు?" అని పిల్లల్ని వరుసగా అడుగుతున్నాం. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబంలోని ఎనిమిదేళ్ళ పాప లేచి నిలబడి, "నిన్న మా బాపమ్మతోని ఫోన్ల మాట్లాడిన. ఆమెకు కాలు నొస్తున్నదట" అంది. వెనక బల్ల మీది పిల్లలు కిసుక్కున నవ్వారు. "సినిమాలో కామెడీ లాగా ఉంది" అన్నాడు ఒక అబ్బాయి. మేము నవ్వలేదు. కానీ అంతకంటే పెద్ద పని చేశాం. "మాట్లాడిన కాదమ్మా, మాట్లాడాను అనాలి" అని దిద్దాం. బాపమ్మ కాలు ఎలా ఉందని మాత్రం ఎవరమూ అడగలేదు.

మరుసటి వారం అదే ప్రశ్నకు ఆ పాప జర్మనులో జవాబు చెప్పింది. ఆ తరువాతి వారమూ అంతే. మూడో వారం వాళ్ళ నాన్నగారు మమ్మల్ని పక్కకు పిలిచి, "సార్, ఇంట్ల మేం మాట్లాడేదే తప్పంటే, ఇగ బిడ్డ మాతోని ఏం మాట్లాడుతది?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. మేమంతా మన ఊళ్ళలో ఇంజనీరింగు చదువుకుని, ఇక్కడ కంప్యూటర్ల ముందు పనిచేసుకునేవాళ్ళం. తెలుగు మీద అభిమానం ఉంది కానీ భాషాశాస్త్రం ఎప్పుడూ చదవలేదు. అందుకే కొన్ని నెలలు పుస్తకాలు తిరగేశాం, తెలిసినవాళ్ళను అడిగాం. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాం.

ఒకే మాట, రెండు కత్తిరింపులు

ముందుగా, ఆ పాప అన్నది తప్పా? పాత తెలుగులో ఈ మాట "మాట్లాడినాను". నాలుక ఎప్పుడూ పని తగ్గించుకోవాలని చూస్తుంది కనుక జనం దాన్ని పొట్టి చేసుకున్నారు. కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతాలవారు మధ్యలో కత్తిరించారు: "మాట్లాడాను". తెలంగాణవారు చివర కత్తిరించారు: "మాట్లాడిన". అలాగే "చేసినాను" ఒకచోట "చేశాను" అయింది, మరొకచోట "చేసిన" అయింది. శ్రీకాకుళం వైపు పల్లెల్లో పెద్దవాళ్ళ నోట "సేసినాను" అని ఆ పాత రూపం ఇప్పటికీ నిండుగా వినిపిస్తుంది. ఒకే బట్టను ఇద్దరు దర్జీలు రెండు చోట్ల కత్తిరిస్తే, ఒక చొక్కా ఒప్పు, రెండోది తప్పు ఎలా అవుతుంది?

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగునాట మాట్లాడే భాషను నాలుగు మండలాలుగా చూపించారు. ఉత్తరాన తెలంగాణ, దక్షిణాన రాయలసీమ, తూర్పున ఉత్తరాంధ్ర, మధ్యన కోస్తా జిల్లాలు. ఆయన పర్యవేక్షణలో రైతుల మాటలను ఊరూరా తిరిగి సేకరించి, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వెలువరించింది. ఆ పనిలో ఏ జిల్లా మాటనూ తప్పని కొట్టివేయలేదు. ఇదీ తెలుగే, అదీ తెలుగే అని రాసుకుంటూ పోయారు. మేము ఒక్క నిమిషంలో కొట్టివేసింది అలాంటి మాటనే.

జర్మను చెవి, తెలుగు చెవి

మరి తప్పు కాకపోతే నవ్వెందుకు వచ్చింది? దీనికి జవాబు మాకు మేము పనిచేసే చోట దొరికింది.

మా జట్టులో లైప్‌జిగ్ దగ్గర నుంచి వచ్చిన ఒక సహోద్యోగి ఉన్నాడు. పనిలో దిట్ట. కానీ అతను సమావేశంలో నోరు విప్పగానే మిగతా జర్మన్లు ఒకరినొకరు చూసుకుని చిన్నగా నవ్వుకుంటారు. అతనిది సాక్సనీ యాస. మాకైతే అందులో నవ్వవలసింది ఏమీ వినిపించేది కాదు. జర్మను నేర్చుకునే రోజుల్లో మాకు అందరి మాటా సమానంగా అర్థమయ్యేది కాదు మరి!

అసలు ఆ యాసలో ఉన్నదేమిటని ఒకరిని అడిగాం. "క, ట, ప అనవలసినచోట గ, డ, బ అంటారు" అని చెప్పారు. మాకు నవ్వాగలేదు. ఇది మన చిన్నప్పటి వ్యాకరణం పుస్తకంలోని సరళాదేశ సంధి కదా! పూచెను, కలువలు కలిస్తే "పూచెనుగలువలు" అవుతుందని మాస్టారు బెత్తం పట్టుకుని నేర్పించారు. మన వ్యాకరణంలో అందమైన సంధి, సాక్సనీవారి నోట ఎగతాళి అయింది. ధ్వని అదే, వినే చెవి వేరు.

ఈ సంగతిని శాస్త్రీయంగా పరిశీలించినవారూ ఉన్నారు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ వంటి పారిశ్రామిక నగరాల యాసలను అక్కడివారు చాలాకాలంగా మొరటువిగా లెక్కిస్తారు. హోవర్డ్ గైల్స్, పీటర్ ట్రడ్‌గిల్ అనే పరిశోధకులు 1970ల దశకంలో ఒక ప్రశ్న వేశారు. ఆ మొరటుదనం ధ్వనిలోనే ఉందా, లేక వినేవారి మనసులో ఉందా? ధ్వనిలోనే ఉంటే అమెరికావారికి కూడా అవి మొరటుగానే వినిపించాలి. కానీ బ్రిటిష్ వారు వేసుకున్న హెచ్చుతగ్గుల వరుస అమెరికా శ్రోతల దగ్గర నిలబడలేదు. ఏది ఏ ఊరి యాసో తెలియనివారికి ఏది గొప్పో ఏది తక్కువో కూడా తెలియదు. సగటు అమెరికా మనిషికి ఇంగ్లండు నుంచి వచ్చిన మాట ఏదైనా "బ్రిటిష్ యాస"యే.

మేము కూడా ఒక చిన్న ప్రయోగం చేశాం. ఉగాదికి వచ్చిన మా జర్మన్ ఇరుగుపొరుగువారికి నలుగురు తల్లులు నాలుగు యాసల్లో ఒకే కథ చెప్పి వినిపించారు. "వీరిలో ఎవరి భాష నాజూకుగా ఉంది, ఎవరిది మొరటుగా ఉంది?" అని అడిగాం. వాళ్ళు అయోమయంగా చూశారు. "అన్నీ ఒకేలా ఉన్నాయి, మాటలన్నీ అచ్చులతో ముగుస్తున్నాయి, వినడానికి బాగుంది" అన్నారు. మన తరగతిలో నవ్వు పుట్టించిన తేడా వాళ్ళ చెవికి అసలు చేరనే లేదు.

అంటే యాసలో వికారం లేదు, సొగసూ లేదు. "ఈ మాట పల్లెటూరిది, ఆ మాట చదువుకున్నవారిది" అని చిన్నప్పటి నుంచి మన బుర్రలో ఎవరో ఎక్కించిన ప్రోగ్రాం అది. మాట వినగానే తనంతట తానే నడుస్తుంది. జర్మనీలో పుట్టిన మన పిల్లలకు ఆ ప్రోగ్రాం పుట్టుకతో రాలేదు. మన సినిమాల నుంచి, క్షమించాలి, మన నుంచి వచ్చింది.

ఒకరికి అర్థమై, ఇంకొకరికి కాకపోవడం

ఇంకో చిత్రమైన సంగతి. విజయవాడవారి మాట నిజామాబాదువారికి పూర్తిగా అర్థమవుతుంది. నిజామాబాదు పల్లె మాట విజయవాడవారికి ఒక్కోసారి అర్థం కాదు. దూరం ఇటూ అటూ ఒకటే కదా, ఎందుకిలా?

కారణం అలవాటు. పాఠ్యపుస్తకాలు, వార్తాపత్రికలు, రేడియో, సినిమా, అన్నీ దశాబ్దాల పాటు ఒక్క మధ్యాంధ్ర తెలుగులోనే నడిచాయి. మిగతావారి చెవికి అది రోజూ సాధన. ఆ వైపువారికి ఇటు మాట వినే అవసరం రాలేదు. ఇక్కడా అంతే. బవేరియా పల్లెలోని తాతగారికి టీవీ వార్తలు చక్కగా అర్థమవుతాయి. హాంబుర్గ్ మనిషిని ఆ తాతగారి ఎదుట కూర్చోబెడితే బిక్కమొహం వేస్తాడు. స్విస్ జర్మనులో మాట్లాడేవారిని జర్మనీ టీవీలో చూపేటప్పుడు కింద అక్షరాలు వేయడం మీరంతా చూసే ఉంటారు.

కాబట్టి ఎదుటివారి యాస అర్థం కాకపోతే లోపం వాళ్ళ నోటిలో లేదు. మన చెవికి ఇంకా సాధన లేదు, అంతే. సాధన చేస్తే సరదాగా కూడా ఉంటుంది. చిన్నారులూ, ఈ మాటలు చూడండి. కోస్తాలో గేదె, తెలంగాణలో బర్రె, రాయలసీమలో చాలాచోట్ల ఎనుము. మూడూ ఇచ్చేది ఒకే పాలు! వేరుశనగలంటే తెలంగాణలో పల్లీలు, సీమలో శనక్కాయలు, బుడ్డలు. తెలంగాణలో తొక్కు అంటే పచ్చడి, ఇంకోచోట అరటిపండు ఒలిచి పారేసేది. ఉత్తరాంధ్రలో గుంట అంటే ఆడపిల్ల, మిగతాచోట్ల నేల మీది గొయ్యి. ఇక సీమలో "ఎక్కడికి?" అనడానికి "యాడికి?" అంటారు. అనంతపురం జిల్లాలో యాడికి అనే ఊరే ఉంది. బస్సులో "యాడికి?" అని అడిగిన కండక్టరుకు "యాడికే!" అని జవాబిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

మేముండే స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ష్వాబులకూ ఇలాంటి మాటలున్నాయి. బెర్లిన్‌లో ష్రిప్పె, ఉత్తరాన బ్రోట్‌షెన్, బవేరియాలో జెమ్మెల్, ఇక్కడ వెక్లె. నాలుగూ మనం పొద్దున్నే బేకరీలో కొనే చిన్న రొట్టెకే పేర్లు. ష్వాబు మనిషి "ఫూస్" నొప్పి అంటే పాదమనే అనుకోనక్కరలేదు, మోకాలైనా కావచ్చు. ఉత్తరాది డాక్టరు తికమకపడతాడేమో కానీ తెలుగువాడు పడడు. మనకూ పాదం నుంచి తొడ దాకా అంతా "కాలే" కదా!

పీఠం ఒకచోట నిలవదు

ఏ యాస గొప్పదనేది కాలం నిర్ణయిస్తుంది. ఇప్పుడు నవ్వులపాలవుతున్న సాక్సనీ మాటకు ఒకప్పుడు రాజభోగం. మార్టిన్ లూథర్ 1522లో కొత్త నిబంధనను, 1534లో మొత్తం బైబిలును జర్మనులో అచ్చువేయించినప్పుడు ఆధారంగా తీసుకున్నది సాక్సనీ రాజకార్యాలయాల భాషనే. 18వ శతాబ్దంలో కూడా మైసెన్ ప్రాంతపు జర్మను అంటే నాగరికమని పేరు. 1756 నుంచి 1763 వరకు జరిగిన సప్తవర్ష యుద్ధంలో ప్రష్యా చేతిలో సాక్సనీ దెబ్బతింది. అధికారం పోయాక భాష గౌరవమూ పోతూ వచ్చింది. 20వ శతాబ్దంలో తూర్పు జర్మనీ నాయకుడు వాల్టర్ ఉల్‌బ్రిఖ్ట్ ఆ యాసలో మాట్లాడేవాడు కనుక పశ్చిమాన అది మరింత ఎగతాళి అయింది. మధ్యలో మారింది ధ్వని కాదు, దర్బారు.

మన కథా ఇలాంటిదే. మద్రాసు రాజధానిలో ఉన్న కోస్తా జిల్లాలకు ఇంగ్లీషు బడులు, అచ్చుయంత్రాలు, పత్రికలు ముందుగా వచ్చాయి. తరువాత సినిమా కూడా మద్రాసులోనే పెరిగింది. నిజాం రాజ్యంలో అధికార భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగింది. తెలంగాణ తెలుగులో దవాఖాన, జల్ది వంటి మాటలు చేరింది ఆ సహవాసం వల్లనే. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకట రామారావు గారు తెలుగులో మాట్లాడబోతే సభలోనివారు గేలి చేశారు. ఆ అవమానంలో నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది, తెలంగాణలో తెలుగు గ్రంథాలయాలకూ బడులకూ ఊపు వచ్చింది. అక్కడ తెలుగు మాట్లాడినందుకే నవ్వారు. 1956లో రాష్ట్రాలు కలిశాక, అదే ప్రాంతంవారిని "మీ తెలుగు తెలుగు కాదు" అని తోటి తెలుగువారే నవ్వడం మొదలైంది. ఈ బాధ 2014లో ప్రత్యేక రాష్ట్రం ఏర్పడడానికి దారితీసిన కారణాల్లో ఒకటి.

కానీ లెక్క చూస్తే ఏ ప్రాంతం బాకీ లేదు. పూర్తిగా తెలుగులో చెక్కిన తొలి శాసనాలు, 6వ శతాబ్దం నాటి రేనాటి చోళులవి, దొరికింది రాయలసీమలోని కడప జిల్లాలో. జానుతెనుగు గొప్పదని చాటిన పాల్కురికి సోమనాథుడు, భాగవతం రాసిన బమ్మెర పోతన తెలంగాణవారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు శ్రీకాకుళం వైపువారు. 1863 ఆగస్టు 29న పుట్టిన ఆయన పేరు మీదనే ఆ రోజున తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. కన్యాశుల్కం రాసిన గురజాడ అప్పారావు గారు విజయనగరంలో ఉండి రాశారు. ప్రజల మాటకోసం నిలబడిన కాళోజీ నారాయణరావు గారి పుట్టినరోజు సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం. సినిమా కూడా మారుతోంది. ఎంతోకాలం తెలంగాణ మాట రౌడీకి, ఉత్తరాంధ్ర మాట హాస్యగాడికి, సీమ మాట ముఠా నాయకుడికి కేటాయించిన తెరమీద, 2017లో 'ఫిదా' కథానాయిక తెలంగాణ యాసలో మాట్లాడి అందరికీ నచ్చింది. 2023లో 'బలగం' చూసి ఏ ప్రాంతంవారైనా కంటతడి పెట్టారు.

మర్యాద ఎక్కడుంది?

కొందరు తల్లిదండ్రులు మాతో అంటుంటారు: "యాస సంగతి సరే, కానీ ఆ మాటల్లో మర్యాద ఉండదండీ." ఇది కూడా చెవి చేసే మోసమే. గోదావరి జిల్లాలో ప్రతి మాట చివరా "అండి" పలుకుతుంది. తెలంగాణ పల్లెలో పెద్దవారిని కూడా దగ్గరితనంతో "నువ్వు" అంటారు, వెంటనే "కాకా", "అవ్వా" అని వరుస కలుపుతారు. గౌరవం ఒకరు క్రియకు తగిలిస్తారు, ఇంకొకరు పిలుపుకు తగిలిస్తారు. "పోతున్న" అన్నా "వెళ్తున్నాను" అన్నా మనిషి కదిలేది గుమ్మం దాటడానికే. జర్మనులో "జీ", "డు" ఎవరితో ఎప్పుడు వాడాలో తెలియక మనం ఎన్నిసార్లు నాలుక కరుచుకోలేదు? అప్పుడు ఎదుటివారు మనల్ని మర్యాద తెలియనివారని అనుకుని ఉంటే మనకెలా ఉండేది?

మన బడిలో ఇప్పుడు

మేము పద్ధతి మార్చుకున్నాం. రాతకు, పరీక్షకు పాఠ్యపుస్తకంలోని తెలుగునే నేర్పుతున్నాం. హైదరాబాదు పత్రికైనా, తిరుపతి పుస్తకమైనా, తమిళనాడులోని హోసూరు తెలుగు బడిలో రాసిన ఉత్తరమైనా అందరూ చదువుకోవాలంటే నలుగురికీ తెలిసిన ఒక రాతభాష కావాలి. మాటకు మాత్రం ఎవరి ఇంటి తెలుగు వారిదే. తరగతిలో ఎవరు ఏ యాసలో మాట్లాడినా మేము దిద్దము. "మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?" అని అడుగుతాం, జవాబులు బోర్డు మీద పక్కపక్కనే రాస్తాం. ప్రతి నోటుపుస్తకం చివర నాలుగు పేజీలు "మా ఇంటి మాటలు" అని కేటాయించాం. వాటిలో అమ్మమ్మల దగ్గర, తాతయ్యల దగ్గర ఫోనులో అడిగి తెలుసుకున్న మాటలు రాసుకుని రావాలి.

మేముండే బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంవారు 1999లో ఒక ప్రచారం మొదలుపెట్టారు. "మాకు అన్నీ వచ్చు, హోఖ్‌డాయిచ్ తప్ప" అని తమ యాస మీద తామే హాస్యమాడుకుంటూ దేశమంతా చాటుకున్నారు. కార్లు తయారుచేసే చేతులకు యాస అడ్డురాలేదు. ఆ ధీమా మన పిల్లలకూ కావాలి.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. ఇంట్లో మీ సొంత తెలుగులోనే మాట్లాడండి. "సరైన తెలుగు" రాదేమోనని మొహమాటపడి జర్మనుకో ఇంగ్లీషుకో మారకండి. ఇక్కడి పిల్లలకు రెండు తెలుగుల మధ్య ఎంపిక లేదు. వాళ్ళ ముందున్నది ఇంటి తెలుగు లేదా ఏ తెలుగూ లేకపోవడం. బాపమ్మ ఫోనులో మాట్లాడేది పాఠ్యపుస్తకంలోని తెలుగు కాదు కదా.

ఇక ఆ పాప సంగతి. తనకు మేము క్షమాపణ చెప్పాం, తరగతి ముందే చెప్పాం. ఇంకా కొంచెం తక్కువగానే మాట్లాడుతోంది. ఒకసారి ఆగిన నోరు మళ్ళీ తెరుచుకోవడానికి సమయం పడుతుంది. కానీ కిందటి నెల నోటుపుస్తకంలో పదకొండు మాటలు రాసుకుని వచ్చింది. అన్నీ బాపమ్మ చెప్పినవే. అందులో మూడు మాకెవరికీ తెలియవు. ఆ రోజు బోర్డు దగ్గర సుద్దముక్క పట్టుకుని మాకు అర్థాలు చెప్పింది తనే. ఆమె చెప్పడం అయ్యాక మేము మొదట అడగవలసిన మాట అడిగాం: "బాపమ్మ కాలు ఎట్లున్నది?"

"మంచిగైంది" అంది పాప.